హెచ్‌లెడ్జర్‌కి యూఐ, వెబ్ తగిలించుకోవడం ఎలా: చిట్టా ఫైలు పాడవకుండా, వరుసగా

"టెర్మినల్‌లో లెక్కలు రాయడం అలవాటైంది కానీ ఇంట్లో వాళ్లకి చూపించాలంటే చచ్చే చావుగా ఉంది, బ్రౌజర్‌లో చూసే దారి లేదా?" ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. దారి ఉంది. హెచ్‌లెడ్జర్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలులో రాసుకున్న జమాఖర్చుల్ని టెర్మినల్‌లో కమాండ్లతో లెక్కగట్టే ప్రోగ్రాము. దీనికి టెర్మినల్‌లోనే నడిచే హెచ్‌లెడ్జర్-యూఐ, బ్రౌజర్‌లో నడిచే హెచ్‌లెడ్జర్-వెబ్ అని రెండు తోడు ప్రోగ్రాములున్నాయి. ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. దాని తర్వాత వచ్చే "అంకెలు తప్పుగా చూపిస్తోంది", "స్క్రీన్ ఖాళీగా ఉంది", "నిన్న రాసిన పద్దు మాయమైంది" లాంటివే అసలు తలనొప్పి, కాబట్టి నేను వాటి మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందే ఒక మాట. కమాండ్లు, ఆప్షన్లు, మీటల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట "షిఫ్ట్‌తో" అని చెప్తాను. ఖాతాల పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు, దాని లాభనష్టాలు కింద ఉన్నాయి.

1. ముందు ఫైలు సంగతి చూడండి

యూఐ అయినా వెబ్ అయినా సొంతంగా ఏమీ దాచుకోవు. మీ జర్నల్ ఫైలు ఉంది చూశారూ, పాతకాలం షావుకారు చిట్టా లాంటిది, అదొక్కటే నిజం. ఇవి దాన్ని చదివి చూపిస్తాయి, పద్దు రాయమంటే దాని చివర చేరుస్తాయి, అంతే. చిట్టాలో తప్పుంటే బ్రౌజర్‌లో అదే తప్పు ఇంకాస్త అందంగా కనిపిస్తుంది.

అందుకని ఇన్‌స్టాల్ కంటే ముందు ఇవి సరిచూసుకోండి:

☐ ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు, ₹ పట్టే ఎన్‌కోడింగ్) సేవ్ అయి ఉందా
☐ ఖాతా పేరుకీ మొత్తానికీ మధ్య కనీసం రెండు స్పేసులు ఉన్నాయా
☐ ప్రతి మొత్తానికీ ₹ గుర్తు ఉందా
☐ రూపాయి ఎలా రాయాలో ఫైలు మొదట్లో ప్రకటించారా
☐ గిట్‌లోనో (ఫైలు పాత రూపాలన్నీ దాచిపెట్టే ప్రోగ్రాము) మరోచోటో ఈ ఫైలుకి పాత కాపీలు ఉన్నాయా

రెండు స్పేసుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒక మామూలు పద్దు ఇలా ఉంటుంది:

2026-04-03 రైతు బజారు
    ఖర్చులు:కూరగాయలు    ₹320.00
    ఆస్తులు:చేతిలో నగదు

ఖాతా పేరులో ఒక స్పేసు ఉండొచ్చు ("చేతిలో నగదు" అలాంటిదే). అందువల్ల మొత్తానికి ముందు కూడా ఒక్క స్పేసే వదిలితే, "కూరగాయలు ₹320.00" అంతా కలిపి ఖాతా పేరే అనుకుంటుంది. రెండో వరుసలో కూడా మొత్తం లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, బతికిపోయాం. రెండో వరుసలో మొత్తం ఉంటే మాత్రం నోరెత్తకుండా లెక్క సరిపెట్టేసి, ఆ వింత పేరుతో కొత్త ఖాతా తెరిచేస్తుంది. వెబ్‌లో ఎడమ పక్క ఖాతాల వరుసలో అంకెలతో ఉన్న పేరు ఏదైనా కనిపిస్తే కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే.

ఇక కామా. "₹1,000" అని రాస్తే అది వెయ్యా, లేక ఒకటి తర్వాత దశాంశ కామానా? మనకి అనుమానమే రాదు గానీ, యూరప్‌లో కామానే దశాంశ గుర్తుగా వాడే దేశాలున్నాయి కాబట్టి ముందుగా చెప్పకపోతే హెచ్‌లెడ్జర్ దాన్ని ఒక్క రూపాయిగా తీసుకుంటుంది. దీన్ని ఆపడానికి ఫైలు పైన ఒక్క వరుస చాలు: కమోడిటీ అనే మాట రాసి, ఒక స్పేసు వదిలి, ₹1,00,00,000.00 అని రాయండి. దీంతో రెండు పనులవుతాయి. కామా అంటే వేల గుర్తని దానికి తెలుస్తుంది, పైగా రిపోర్టులన్నీ మన లక్షలు, కోట్ల పద్ధతిలో వస్తాయి.

2. తెలుగు ఖాతాల పేర్లకి రకం చెప్పండి

ఇది తెలుగువాళ్లకే వచ్చే సమస్య, ఇంగ్లీషు గైడ్లలో మీకు దొరకదు.

ఎసెట్స్, లయబిలిటీస్, ఈక్విటీ, ఇన్‌కమ్, ఎక్స్‌పెన్సెస్ అని ఇంగ్లీషులో పేర్లు పెడితే ఏది ఏ రకమో హెచ్‌లెడ్జర్ తనే పోల్చుకుంటుంది. "ఆస్తులు" అంటే దానికి తెలియదు కదా. అప్పుడు యూఐలో బ్యాలెన్స్ షీట్ ఖాతాలు, ఇన్‌కమ్ స్టేట్‌మెంట్ ఖాతాలు అని ఉండే స్క్రీన్లు ఖాళీగా కనిపిస్తాయి, అన్ని ఖాతాలు చూపే స్క్రీన్‌లో మాత్రం అన్నీ ఉంటాయి. దాంతో ఇదేదో పాడైందని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. ఏమీ పాడవలేదు.

ఫైలు పైన ఒక్కో పెద్ద ఖాతాకి ఒక్కో వరుస రాయాలి. ముందు అకౌంట్ అనే మాట, ఒక స్పేసు, ఖాతా పేరు, ఆ తర్వాత రెండు స్పేసులు, సెమికోలన్, టైప్ అనే మాట, కోలన్, చివర ఒక పెద్ద అక్షరం. అక్షరాలు ఇవి:

– ఆస్తులకి ఎ
– అప్పులకి ఎల్
– మూలధనానికి ఇ
– ఆదాయానికి ఆర్
– ఖర్చులకి ఎక్స్
– నగదు, బ్యాంకు ఖాతాలకి సీ

పైఖాతాకి చెప్తే దాని కింద ఉండే పిల్ల ఖాతాలకీ అదే రకం వర్తిస్తుంది. నగదుకి, బ్యాంకుకి మాత్రం విడిగా సీ అని చెప్పుకోవాలి, లేదంటే నగదు స్క్రీన్‌లోకి రావు.

ఇంకో తంటా ఉంది, ఇది పట్టుకోవడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. తెలుగు కీబోర్డులు పొల్లు హల్లు తర్వాత ఒక్కోసారి కంటికి కనపడని జోడింపు నిరోధక అక్షరం ఒకటి పెడతాయి. ఫోన్‌లో కొట్టిన "పెట్రోల్", ల్యాప్‌టాప్‌లో కొట్టిన "పెట్రోల్" చూడ్డానికి అచ్చం ఒకటే, ఒకదానిలో మాత్రం చివర ఆ దొంగ అక్షరం ఉంటుంది. దాంతో ఒకే పేరుతో రెండు ఖాతాలు, పెట్రోల్ ఖర్చు రెండు ముక్కలు. దీనికి మందు ఏమిటంటే, వాడే ప్రతి ఖాతానీ పైన చెప్పినట్టు అకౌంట్ వరుసతో ప్రకటించి పెట్టుకుని, అప్పుడప్పుడు హెచ్‌లెడ్జర్ చెక్ -ఎస్ నడపడం. ప్రకటించని ఖాతా ఎక్కడ వాడినా అది వరుస నంబరుతో సహా చూపిస్తుంది.

3. ఇన్‌స్టాల్

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మ్యాక్‌లో హోమ్‌బ్రూతో హెచ్‌లెడ్జర్ వేస్తే మూడూ కలిసే వస్తాయి. డెబియన్, ఉబుంటుల్లో హెచ్‌లెడ్జర్, హెచ్‌లెడ్జర్-యూఐ, హెచ్‌లెడ్జర్-వెబ్ అని మూడు వేర్వేరు ప్యాకేజీలు, కాకపోతే వెర్షన్ కాస్త పాతది వస్తుంది. కొత్తది కావాలంటే గిట్‌హబ్‌లో ఆ ప్రాజెక్టు విడుదలల పేజీలో తయారు ఫైళ్లు ఉంటాయి, దించుకుని పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితా) ఉన్న ఫోల్డర్‌లో పడేయండి. విండోస్‌లో యూఐ సతాయిస్తే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే నడిచే లినక్స్) నడపండి.

ఒక్క జాగ్రత్త: మూడింటి వెర్షన్ ఒకటే ఉండాలి. ఒకటి ఉబుంటు నుంచి, ఇంకోటి గిట్‌హబ్ నుంచి తెచ్చుకుంటే, ఒకటి చదివిన ఫైలుని ఇంకోటి చదవనని మొండికేసే రోజు వస్తుంది. మూడింటికీ --వెర్షన్ కొట్టి చూసుకోండి.

తర్వాత లెడ్జర్_ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో) మీ చిట్టా ఫైలు ఎక్కడుందో పూర్తి దారి పెట్టండి. మూడూ అదే చూస్తాయి. అది పెట్టకపోతే హోమ్ ఫోల్డర్‌లో డాట్ హెచ్‌లెడ్జర్ డాట్ జర్నల్ అనే ఫైలు కోసం వెతుకుతాయి. టెర్మినల్‌లో బాగా నడిచి, డెస్క్‌టాప్ ఐకాన్ నొక్కితే మాత్రం మీ లెక్కలు కనిపించడం లేదంటే ఆ వేరియబుల్ ఐకాన్ దాకా చేరలేదని అర్థం. ఐకాన్ కమాండ్‌లోనే -ఎఫ్ పెట్టి ఫైలు దారి రాసేయండి.

"ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్" అని వస్తే మీ సిస్టమ్ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) యూటీఎఫ్-8 కాదన్నమాట. లాంగ్ వేరియబుల్‌ని (ఇదీ పెద్ద అక్షరాల్లోనే) ఏదో ఒక యూటీఎఫ్-8 లొకేల్‌కి మార్చండి. తెలుగు, ₹ రెండూ ఉన్న ఫైళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది.

4. ముందు యూఐతో, చూడటం వరకే

మొదటి వారం యూఐలో ఏదీ రాయకండి, తిరిగి చూడండి చాలు. హెచ్‌లెడ్జర్-యూఐ --వాచ్ అని నడిపితే, పక్కన ఎడిటర్‌లో ఫైలు సేవ్ చేసినప్పుడల్లా తనే మార్పులు ఎక్కించుకుంటుంది. ఎక్కించుకోకపోతే జీ నొక్కండి.

కింది బాణంతో ఖాతా మీదికి వెళ్లి, కుడి బాణం కొడితే ఆ ఖాతా పద్దులు, మళ్లీ కుడి బాణం కొడితే ఆ ఒక్క పద్దు వివరం. ఎడమ బాణంతో వెనక్కి. చిట్టాలోంచి ఆవర్జాకి, ఆవర్జాలోంచి చిట్టాకి పేజీలు తిప్పినట్టే ఉంటుంది. నేను రోజూ వాడే మీటలు ఇవీ:

– స్లాష్: వెతుకులాట
– 1 నుంచి 9: ఖాతాల్ని ఎన్ని మెట్ల లోతు వరకు చూపాలో, 0 కొడితే ఖాతాలన్నీ ఒకే మొత్తంగా మడుచుకుంటాయి, పరిమితి తీసేయాలంటే ఎస్కేప్
– టీ: ఖాతాల్ని చెట్టులాగానా, వరుసగానా
– షిఫ్ట్‌తో కింది బాణం: కాలాన్ని ఏడాది, మూడు నెలలు, నెల, వారం అంటూ తగ్గించడం
– షిఫ్ట్‌తో కుడి, ఎడమ బాణాలు: తర్వాతి నెల, ముందు నెల
– షిఫ్ట్‌తో ఇ: ఆ పద్దు దగ్గరే ఎడిటర్ తెరవడం
– ఎస్కేప్: దారి తప్పినప్పుడు మళ్లీ మొదటికి

"బ్యాంకు నిల్వ తప్పు చూపిస్తోంది" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, షిఫ్ట్‌తో హెచ్ నొక్కి చూశారా అని. అది రెండు రకాల లెక్కల మధ్య మారుతుంది: మొదటినుంచీ కలిపిన నిల్వ ఒకటి, ఆ కాలంలో వచ్చిన మార్పు మాత్రమే ఇంకోటి. ఏప్రిల్ నెల తెరిచి మార్పు మాత్రమే చూస్తూ, బ్యాంకు వాడి అంకెతో పోలిస్తే ఎందుకు కలుస్తుంది?

రెండోది, రేపటి తేదీ వేసిన పద్దులు మామూలుగా కనిపించవు. వచ్చే నెల ఈఎంఐ ముందే రాసిపెట్టుకునేవాళ్లు అది పోయిందని కంగారు పడతారు. షిఫ్ట్‌తో ఎఫ్ నొక్కండి, వస్తుంది.

మూడోది ఆదాయం, అప్పులు మైనస్‌లో కనపడటం. అది తప్పు కాదు, ప్రతి పద్దు మొత్తం సున్నా కావాలి కాబట్టి జీతం మైనస్‌లో ఉంటేనే బ్యాంకు ప్లస్‌లో ఉంటుంది. వారం రోజులకి కళ్లు అలవాటు పడతాయి.

ఇక తెలుగు. టెర్మినల్‌లో ఒత్తులు, గుణింతాల వెడల్పు లెక్క సరిగ్గా కుదరదు, అంకెల వరుస అటూ ఇటూ జరుగుతుంది, కొన్ని టెర్మినళ్లలో అక్షరాలే విడిపోతాయి. నేను ఫాంట్లు మార్చి, టెర్మినళ్లు మార్చి చివరికి వదిలేశాను. నా సలహా, ఎక్కువ పని యూఐలో చేసేవాళ్లు ఖాతాల పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుని, పద్దు వివరం తెలుగులో రాసుకోండి. ఇంట్లో అందరూ బ్రౌజర్‌లోనే చూస్తారంటే అన్నీ తెలుగులోనే పెట్టండి, బ్రౌజర్‌లో తెలుగు ముత్యాల్లా కనిపిస్తుంది.

5. వెబ్: ముందు మీ కంప్యూటర్ వరకే

హెచ్‌లెడ్జర్-వెబ్ అని కొడితే 127.0.0.1 మీద 5000 పోర్టులో మొదలై బ్రౌజర్ తనే తెరుచుకుంటుంది. హెచ్‌లెడ్జర్ వెబ్ అని స్పేసు పెట్టి కూడా పిలవచ్చు గానీ, అలా పిలిచినప్పుడు వెబ్‌కి చెందిన ఆప్షన్ల ముందు విడిగా రెండు డాష్‌లు పెట్టాల్సి రావచ్చు. ఆ గోల ఎందుకు, డాష్‌తో ఉన్న పేరే వాడండి.

ఇక్కడ మామూలుగా ఎదురయ్యేవి:

పోర్టు ఖాళీ లేదంటే, కొత్త మ్యాక్‌లలో ఎయిర్‌ప్లే రిసీవర్ కూడా 5000నే పట్టుకుని ఉంటుంది. బీన్‌కౌంట్ (ఇలాంటిదే ఇంకో లెక్కల ప్రోగ్రాము) లెక్కల్ని బ్రౌజర్‌లో చూపే ఫావా ఉంటే దానిదీ అదే నంబరు. --పోర్ట్ 5050 అని వేరే నంబరు ఇచ్చేయండి.

బ్రౌజర్ మూసి కాసేపయ్యాక మళ్లీ తెరిస్తే కనెక్ట్ కాకపోవడం. మామూలుగా నడిపితే, ఎవరూ చూడని స్థితిలో రెండు నిమిషాలు గడిస్తే అది తనంతట తనే ఆగిపోతుంది. ఆగకూడదంటే --సర్వ్ పెట్టండి.

పద్దు రాసే ఫారం కోసం ఎ నొక్కండి. ఖాతా పేరు మొదలుపెడితే పాతవి చూపిస్తుంది, వాటిలోంచే ఎంచుకోండి, కొత్తగా కొట్టకండి (పెట్రోల్ కథ గుర్తుంది కదా). చివరి వరుసలో మొత్తం ఖాళీగా వదిలేస్తే అదే పూరించుకుంటుంది. మొత్తం ముందు ₹ మర్చిపోయి ఉత్త 450 అని కొడితే అది రూపాయిలతో కలవదు, నిల్వలో ₹ ఉన్న అంకె ఒకటి, లేని అంకె ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. అలా కనిపించిన రోజే ఫైలు తెరిచి ₹ పెట్టేయండి, నెల గడిస్తే వెతకడం కష్టం.

వెతికే చోట తేదీల దగ్గర మనవాళ్లు తప్పకుండా బోల్తా పడతారు. ఆర్థిక సంవత్సరం 2025–26 కావాలంటే డేట్ అని రాసి కోలన్ పెట్టి 2025-04-01..2026-04-01 అని రాయాలి. చివరి తేదీ లెక్కలోకి రాదు. అలవాటు కొద్దీ 2026-03-31 అని రాశారో, మార్చి 31న కట్టినవేవీ లెక్కలో ఉండవు, సంవత్సరం చివరి రోజు హడావిడిగా కట్టే బీమా ప్రీమియం లాంటివన్నీ ఆ రోజే ఉంటాయి మరి.

6. రాసే చెయ్యి ఒకటే ఉండాలి

ఇది నా సొంత నిర్వాకం. నేను ఎడిటర్‌లో ఫైలు తెరిచి ఏదో సర్దుతూ మధ్యలో టీకి లేచాను. ఆలోపు మా ఆవిడ బ్రౌజర్‌లో పాలు, పేపరు, ఇస్త్రీ అని మూడు పద్దులు రాసింది, వెబ్ వాటిని ఫైలు చివర బుద్ధిగా చేర్చింది. నేను తిరిగొచ్చి, ఎడిటర్ "ఫైలు బయట మారింది" అన్న హెచ్చరికని చదవకుండా సరే నొక్కి సేవ్ చేశాను. మూడూ పోయాయి. నెలాఖరుకి చేతిలో నగదు కలవక, "నేను రాశాను", "నువ్వు రాయలేదు" అని ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

అప్పటినుంచి మా పద్ధతి: ఈ ఏడాది ఫైలు అని ఒకటి, "ఇంటి పద్దులు" అని చిన్న ఫైలు ఇంకోటి. పెద్ద ఫైలులో ఇన్‌క్లూడ్ వరుసతో చిన్నది కలుపుకుంటాను. నేను చేత్తో సర్దేది పెద్దదాన్ని మాత్రమే. వెబ్ తెరిచి రాసేది చిన్నదాన్ని, -ఎఫ్‌తో దాని దారి ఇచ్చి. రిపోర్టులకి పెద్దది తెరిస్తే రెండూ కలిసి వస్తాయి. అయితే చిన్న ఫైలుని విడిగా తెరిచినప్పుడు పెద్ద ఫైలులోని ప్రకటనలు దానికి తెలియవు, కాబట్టి కమోడిటీ, అకౌంట్ వరుసలన్నీ మూడో ఫైలులో పెట్టి రెండింటిలోనూ మొదట్లో ఇన్‌క్లూడ్ చేయాలనిపిస్తుంది. అలా చేస్తే పెద్ద ఫైలు తెరిచినప్పుడు ఆ ప్రకటనలు రెండుసార్లు వస్తాయి. సులువు మార్గం, కమోడిటీ వరుస ఒక్కటి చిన్న ఫైలు మొదట్లోనూ రాసి (కామాని ఎలా చదవాలో పక్క ఫైలులో చెప్తే దీనికి వర్తించదు), వెబ్‌ని నడిపేటప్పుడే ప్రకటనల ఫైలుకి, చిన్న ఫైలుకి రెండు -ఎఫ్‌లు ఇవ్వడం. ఏది ముందో చూసుకోండి, వెబ్ కొత్త పద్దుని మామూలుగా మొదట ఇచ్చిన ఫైలులో చేరుస్తుంది. ఒక ఉత్తుత్తి పద్దు రాసి ఎక్కడ పడిందో కళ్లతో చూశాకే ఇంట్లో వాళ్లకి ఇవ్వండి.

7. ఇంటి వైఫైలో అందరికీ

హెచ్‌లెడ్జర్-వెబ్‌కి పాస్‌వర్డ్ లేదు. అడ్రసు తెలిసినవాళ్లందరూ చూడగలరు, ఏమీ మార్చకపోతే పద్దులు రాయగలరు కూడా. అద్దె ఇంట్లో పక్క పోర్షన్‌తో వైఫై పంచుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మీ సొంత వైఫై అయితే, నడిపే కంప్యూటర్ అడ్రసు 192.168.1.5 అనుకుందాం. ఇలా నడపండి:

– --సర్వ్
– --హోస్ట్ 0.0.0.0
– --బేస్-యూఆర్ఎల్ పెట్టి, హెచ్‌టీటీపీ తర్వాత 192.168.1.5:5000
– చూడటం వరకే చాలంటే --అలౌ వ్యూ, పద్దులు రాయాలంటే --అలౌ యాడ్ (పాత వెర్షన్లలో ఈ ఆప్షన్ పేరు కేపబిలిటీస్, అది రాసే పద్ధతి వేరు, --హెల్ప్ చూడండి)

బేస్-యూఆర్ఎల్ మర్చిపోతే మొదటి పేజీ ఫోన్‌లో వచ్చినట్టే వచ్చి, లింకు నొక్కగానే ఎక్కడికీ పోకుండా ఉంటుంది. ఎడిట్ అనుమతి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అది మొత్తం ఫైలునే దిద్దనిస్తుంది. రూటర్ ప్రతిసారీ కొత్త అడ్రసు ఇస్తుంటే ఆ కంప్యూటర్‌కి ఒకటే అడ్రసు ఉండేలా రూటర్‌లో కట్టేయండి. ఊరెళ్లినా అందాలని రూటర్‌లో పోర్టు తెరవొద్దు, అలా కావాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

ఫోన్‌లో బ్రౌజర్ ఫారం చికాగ్గా ఉంటే ఆండ్రాయిడ్‌లో మోలే అనే యాప్ ఉంది. ఇది నడుస్తున్న హెచ్‌లెడ్జర్-వెబ్‌కే పద్దుని పంపుతుంది, కాబట్టి యాడ్ అనుమతి ఉండాలి. ఇంట్లో లేనప్పుడు రాసినవి ఎప్పుడు చేరుతున్నాయో మొదటి కొన్ని రోజులు చిట్టాతో సరిపోల్చుకోండి.

8. వారానికోసారి, పావుగంట

☐ హెచ్‌లెడ్జర్ చెక్ -ఎస్ నడపడం
☐ పర్సులో, బ్యాంకులో ఉన్న అంకెని యూఐ నగదు స్క్రీన్‌తో పోల్చడం
☐ కలిస్తే ఆ రోజు పద్దులో మొత్తం తర్వాత సమానం గుర్తు పెట్టి నిల్వ రాయడం, ఉదాహరణకి ₹0 = ₹4,310.00
☐ గిట్‌లో కమిట్ (ఫైలు ఈ రోజు రూపాన్ని భద్రపరచడం)

ఆ సమానం గుర్తు వరుస విలువ తర్వాత తెలుస్తుంది. రెండు నెలల కిందటి పద్దులో ఎవరైనా చెయ్యి పెడితే, ఆ తేదీ దగ్గరే ఎర్రర్ వచ్చి వెబ్, యూఐ రెండూ లెక్కలు చూపడానికి ఒప్పుకోవు. చిరాకేసి యూఐలో షిఫ్ట్‌తో ఐ నొక్కి తనిఖీ ఆపేసేవాళ్లున్నారు. తప్పు ఎక్కడుందో వెతుక్కునేంతసేపు ఆపుకోండి, తర్వాత మళ్లీ నొక్కి పెట్టేయండి.